రెండో బ్రేకు

మా తమ్ముడు డ్రైవింగ్ నేర్పుతాడు. ఒకే కారు, ఒకే మాస్టారు, ఆ మాస్టారు మావాడే. పొద్దున్నుంచి చీకటి పడేదాకా ఒకరు దిగుతుంటే ఒకరు ఎక్కుతుంటారు. ఎవరు ఎన్నింటికి రావాలో, ఎవరికి రివర్సు కుదరడం లేదో, ఎవరి పరీక్ష ఎప్పుడో అన్నీ గుర్తుండాలి. వాడికి గుర్తుండవు. అందుకని ఒక పద్ధతి తయారుచేసుకున్నాడు. దాని గురించి కదిపితే చాలు, ఎంత చక్కగా చెబుతాడో. బుర్రలో ఏదీ మోయకూడదట. తట్టిందల్లా తట్టినప్పుడే ఒకచోట పడేయాలట. పొద్దున్నే ఆ ఒక్కచోటూ చూసుకుంటే రోజంతా నిశ్చింతగా ఉండొచ్చట. వినడానికి బాగానే ఉంటుంది. చిక్కల్లా ఆ ఒక్కచోటు ఏది అన్న దగ్గరే వచ్చింది. పద్ధతి కుదిరింది గానీ దాన్ని పోసుకోడానికి గిన్నె కుదరలేదు.

వాడి గిన్నెల వేటలో నేనెందుకు ఇరుక్కున్నానో ముందు చెప్పాలి.

నేను ఆస్పత్రిలో నర్సుని. ఆపరేషన్ అయినవాళ్ళను ఉంచే వార్డు నాది. కట్టు విప్పడం, గాయం కడగడం, మళ్ళీ కట్టు కట్టడం. గాయం సగం మానిందో లేదో మనిషిని ఇంటికి పంపేస్తారు, ఆ మంచం మీదికి ఇంకొకరు వస్తారు. వెళ్ళినవాళ్ళ గాయం ఏమైందో నాకు తెలియదు. ఇన్నేళ్ళలో ఒక్క గాయం కూడా పూర్తిగా మానగా చూడలేదంటే ఎవరూ నమ్మరు. ఈమధ్య అది నన్ను ఊరికే కూర్చోనివ్వడం లేదు. బస్సులో ఉన్నా, వంటగదిలో ఉన్నా, ఫలానా ఆవిడ కాలు ఎలా ఉందో, ఫలానా ఆయన కుట్లు ఊడలేదు కదా అని మనసు పీకుతూనే ఉంటుంది. అసలే కాలు ఒకచోట నిలిచే మనిషిని కాను. టీవీ ముందు కూర్చున్నా మధ్యలో లేచి, ఎందుకు లేచానో తెలియక, ఉతికిన బట్టలే మళ్ళీ మడతపెట్టి వస్తాను.

అలాంటి రోజుల్లో ఆస్పత్రివాళ్ళు కొత్త ఉద్యోగం ఒకటి పెట్టారు. పంపించేసిన రోగుల ఇళ్ళకు వెళ్ళి, గాయం మానేదాకా చూసి రావాలి. ఆ మాట వినగానే నాకోసమే పెట్టారనిపించింది. పెద్ద డాక్టరుగారు నన్నే తీసుకుంటామన్నారు కూడా. ఉన్న మెలికల్లా కారు నడపడం రావాలి. నెలాఖరులోపు లైసెన్సు తెచ్చి చూపిస్తే ఉద్యోగం నాది, లేకపోతే వరసలో నా వెనకున్న ఆమెది. నాకా, కారు తాళం ఎటు తిప్పాలో కూడా తెలియదు. సొంత తమ్ముడే మాస్టారై ఉండగా దిగులెందుకు అనుకున్నాను. అంత ధీమా అప్పట్లో ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు.

నేను చేరేనాటికి వాడు కాగితం డైరీ వాడుతున్నాడు. వాడిది ఎడమచేతి వాటం. రాసుకుంటూ పోతే చెయ్యి వెనకే వచ్చి సిరా అంతా అలికేస్తుంది. అందులోనూ కదిలే కారులో రాసిన రాత. ఒక సాయంత్రం ఇద్దరు శిష్యులు ఒకే టైముకి గేటు ముందు నిలబడి, ఒకరినొకరు అనుమానంగా చూసుకున్నారు. దాంతో డైరీకి నూకలు చెల్లాయి.

తర్వాత ఫోను వచ్చింది. ఎవరి టైము వచ్చినా ప్యాంటు జేబులో గుర్రుమని వణికేలా పెట్టుకున్నాడు. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నేర్పే కారులో మాస్టారి కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. మాలాంటివాళ్ళం ఎక్కడ ఎవర్ని గుద్దుతామోనని ఆయన కుడికాలు ఎప్పుడూ దానిమీద సిద్ధంగా ఉంటుంది. ఏళ్ళ తరబడి అలా ఉండి ఉండి, ఆ కాలు మావాడి మాట వినడం మానేసింది. ఒళ్ళు కాస్త ఉలిక్కిపడితే చాలు, వాడికంటే ముందు అదే బ్రేకు మీద పడుతుంది. ఫోను పెట్టుకున్నది కుడి జేబులో. నేను కూరగాయల మార్కెట్టు ముందు నుంచి పద్ధతిగా పోతున్నాను. జేబు వణికింది, కాలు పడింది, కారు నిలబడిపోయింది. వెనక వ్యాను అతను నా ఏడు తరాలనూ తలుచుకున్నాడు. నేను చేసిన తప్పేమిటని అడిగితే తమ్ముడు కుడి జేబు తడుముకుంటూ, "నువ్వేం చెయ్యలేదక్కా, నా తొడ" అన్నాడు.

ఆ పైన టాబ్లెట్. దాన్ని ముందు అద్దం కింద బిగించాడు. పాఠాలకు పచ్చ గళ్ళు, పరీక్షలకు ఎర్ర గళ్ళు, చూడముచ్చటగా ఉండేది. ఎంత ముచ్చటగా అంటే శిష్యులందరూ రోడ్డు మానేసి దాన్నే చూసేవాళ్ళు. అంతవరకూ నవ్వుకున్నాను. కానీ ఫోనులో ఉన్నవన్నీ టాబ్లెట్‌లోకి తెచ్చుకునేటప్పుడు అందరి పాఠాలూ వచ్చాయి, అందరి పరీక్షలూ వచ్చాయి, నాది రాలేదు. ఎందుకు రాలేదో వాడికీ తెలియదు, ఆ టాబ్లెట్‌కీ తెలియదు. పరీక్ష రోజు నేను సెలవు పెట్టుకుని, బూట్లు తొడుక్కుని గుమ్మం ముందు నిలబడ్డాను. వాడు ఊరికి అవతల ఎవరికో మలుపులు నేర్పిస్తున్నాడు. ఫోను చేస్తే కారులో ఉండగా ఎత్తడు, అది వాడి నియమం. నిలబడలేక వీధి చివరిదాకా నడిచాను, వెనక్కి వచ్చాను, మళ్ళీ నడిచాను. పరీక్ష టైము దాటాక కూడా నడుస్తూనే ఉన్నాను.

ఆ సాయంత్రం వాడింటికి వెళ్ళి ఒంటికాలి మీద లేచాను. వాడు కుర్చీలో తలవంచుకుని కూర్చున్నాడు. ఆ తల వంచుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అమ్మకు దొరికిపోయినప్పుడల్లా అలాగే వంచేవాడు, వాడి బదులు నేను జవాబు చెప్పేదాన్ని. ఈసారి జవాబు చెప్పాల్సింది నాకే కాబట్టి వాణ్ణి ఆదుకునే దిక్కు లేకపోయింది. మా మరదలు వాడి పక్షమూ కాదు, నా పక్షమూ కాదు. "మీ తమ్ముడు ఏదీ మర్చిపోరు వదినా. ఎందులో పెట్టారో మర్చిపోతారు, అంతే" అని నా చేతికి టీ ఇచ్చింది. నవ్వొచ్చింది గానీ నవ్వకుండా టీ తాగి వచ్చేశాను.

నెలాఖరులోపు ఇంకొక్క పరీక్షే దొరికింది. ఇక వాడికి ఒకటే యావ. టాబ్లెట్ తీసేశాడు. చిన్న రికార్డరు కొని అన్నీ దానికి నోటితో చెప్పుకున్నాడు. మర్నాడు వింటే ఒక శిష్యురాలి టైము, ఆ తర్వాత చాలాసేపు "క్లచ్చు, క్లచ్చు, తల్లీ, క్లచ్చు" అని వాడి గొంతే. అదీ పోయింది. నాకు పాఠం చెబుతూ కూడా అదే గోల. నాలుగు రోడ్ల కూడలిలో, ఎటు నుంచి ఏ లారీ వస్తుందోనని నా ప్రాణాలు అరచేతిలో ఉంటే, "చేతికి పెట్టుకునేది నయమా అక్కా, మెడలో వేసుకునేది నయమా?" అని అడిగాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ముందు నన్ను రోడ్డు దాటనిమ్మన్నాను.

చివరికి వాచీ కొన్నాడు. టైమొస్తే మణికట్టు మీద వణుకుతుంది, ఏ పనో అద్దం మీద ఒక్క ముక్కలో చూపిస్తుంది. ఎడమచేతి వాటం కాబట్టి కుడిచేతికి పెట్టుకున్నాడు. తొడ సంగతి నేను గుర్తుచేస్తే, చెయ్యి ఎక్కడ, కాలు ఎక్కడ అని కొట్టిపారేశాడు. నిజమే, పాఠం చెప్పేటప్పుడు వాడి కుడిచెయ్యి ఎప్పుడూ గాల్లోనే ఉంటుంది, అటు తిప్పు ఇటు తిప్పు అని చూపిస్తూ. వాచీ వణికేది, వాడు ఓరకంట చూసుకునేవాడు, కాలు కదిలేది కాదు. ఒక్క పాఠమూ తప్పలేదు. ఇద్దరు శిష్యులు మళ్ళీ ఎప్పుడూ గేటు ముందు కలుసుకోలేదు. మెచ్చుకోవాల్సినప్పుడు మెచ్చుకోవాలి, వాడి మొహంలో నేను ఎన్నాళ్ళ నుంచో చూడని నిదానం కనిపించింది. నాకూ కారు చేతికొచ్చింది. మా వార్డు నుంచి వెళ్ళినవాళ్ళ వీధులు ఎక్కడెక్కడో లెక్కేసుకుంటూ, ఈ సందులో కారు తిరుగుతుందా లేదా అని ముందే చూసుకోవడం మొదలుపెట్టాను.

పరీక్షకు ముందు రోజు వాడు నాకు నియమాలన్నీ చెప్పాడు. పరీక్షాధికారి వెనక సీట్లో కూర్చుంటారు. మాస్టారు మామూలుగానే పక్క సీట్లో ఉంటాడు గానీ నోరు విప్పకూడదు. సైగలు చేయకుండా రెండు చేతులూ తొడల మీద పెట్టుకుని కూర్చోవాలి. మాస్టారి బ్రేకు పడిందంటే పరీక్ష అక్కడితో సరి. నిజంగా ప్రమాదం చూసి తొక్కితే నేర్చుకునేవాళ్ళు తప్పినట్టు, మళ్ళీ మూడు నెలలదాకా ఆ గుమ్మం తొక్కడానికి లేదు. ఏ ప్రమాదమూ లేకుండా తొక్కితే పరీక్ష రద్దు చేసి మళ్ళీ పెడతారు, కానీ విచారణ మాస్టారి మీద. అది తేలేదాకా ఆయన ఎవరి పరీక్షకూ పక్కన కూర్చోకూడదు. పరీక్షకు తీసుకెళ్ళలేని మాస్టారి దగ్గరికి ఎవరొస్తారు, ఒంటి కారు బడి మూసుకోవడమే అన్నాడు. అవన్నీ మనకెందుకులే అని తనే మళ్ళీ అన్నాడు.

పరీక్ష రోజు మేము చాలా ముందే వెళ్ళాం, నేను ఇంట్లో ఉండలేకపోయాను కాబట్టి. ఆఫీసు వరండాలో బెంచీలు ఖాళీగా ఉన్నా కూర్చోలేదు. గోడకున్న రోడ్డు గుర్తుల పటం ముందు నిలబడి, తెలిసినవే మళ్ళీ మళ్ళీ చదివాను. మా ముందు రావాల్సిన మనిషి ఎవరో రాలేదట. పరీక్షాధికారి బయటికొచ్చి, మీరు సిద్ధమేనా అయితే ఇప్పుడే వెళ్దాం అన్నారు. సన్నటి మనిషి, చంకలో ఒక దిండు. రోజంతా ఇలాంటి కార్ల వెనక సీట్లలో కుదుపులు తినే నడుముకి ఆ దిండు ఎందుకో నాకు చెప్పనక్కర్లేదు. ముందే అయిపోతుందంటే నాకు ప్రాణం లేచొచ్చింది. తమ్ముడు కూడా సంబరపడిపోయాడు.

బాగా నడిపాను. నా గురించి నేను అలా చెప్పుకోవడం తక్కువ, కానీ ఆ రోజు నిజంగా బాగా నడిపాను. ఎత్తు మీద ఆపి కదిలించమన్నారు, వెనక్కి జారకుండా కదిలించాను. రెండు కార్ల మధ్య సందులో పెట్టమన్నారు, పెట్టాను. నా పక్కన తమ్ముడు బడి పిల్లాడిలా చేతులు తొడల మీద పెట్టుకుని ఎదురుగా చూస్తున్నాడు. కుర్చీలు, బల్లలు చేసే గోదాము పక్క రోడ్డులోకి తిరిగాం. పొడవైన ఖాళీ రోడ్డు. దీని చివర కుడికి తిరిగితే మళ్ళీ ఆఫీసే. గాలి పీల్చుకుని, ఉద్యోగం వచ్చేసిందనుకున్నాను.

కారు ఆగిపోయింది.

ఎంత గట్టిగా ఆగిందంటే నేను స్టీరింగు మీద పడబోయాను, వెనక నుంచి దిండు వచ్చి గేరు మీద పడింది, ఇంజను టక్కున ఆరిపోయింది. నా కాలు బ్రేకు మీద లేదు. పక్కకు చూశాను. తమ్ముడి కాలు వాడి బ్రేకు మీద బిగుసుకుపోయి ఉంది, వాడు దాన్ని ఎవరిదో కాలిని చూస్తున్నట్టు చూస్తున్నాడు. తొడ మీదున్న చేతికి వాచీ ఇంకా వణుకుతోంది. అద్దం మీద ఒక్క ముక్క వెలుగుతోంది. 'అక్క పరీక్ష'. ముందు అనుకున్న టైముకి అరగంట ముందు మోగేలా పెట్టుకున్నాడు, ఈసారి మర్చిపోకూడదని.

"ఎందుకు తొక్కారు?" అని వెనక నుంచి అధికారి అడిగారు. కోపం లేదు, రాసుకోవాలి కాబట్టి అడిగారు.

రోడ్డు మీద పురుగు కూడా లేదు. నాకు వాణ్ణి అక్కడికక్కడే కొట్టాలనిపించింది. నా ఉద్యోగం, నేను చూడబోయే గాయాలు, అన్నీ ఆ చేతి మీద వణుకుతున్న ముక్కలో పోయాయి. అంతలో వాడు తలవంచుకున్నాడు.

"పిల్లి వచ్చిందండీ" అన్నాను. "ఎడమ వైపు నుంచి. నేను చూసుకోలేదు."

అది మంచితనం కాదు. నేను ఆలోచించి అన్న మాట కూడా కాదు. వాడి కాలు ఎలా పడిందో నా నోరూ అలాగే జారింది. అన్న తర్వాత తెలిసింది ఏమన్నానో. వెనక పెన్ను గీస్తున్న చప్పుడు వినిపించింది. మూడు నెలలు. నా వెనక వరసలో ఉన్న ఆమె ఈపాటికి ఇళ్ళకు తిరగడానికి కొత్త సంచీ కొనుక్కుని ఉంటుందనిపించింది. తమ్ముడు నోరు మూసుకుని ఊరుకోవాలని ఎంత కోరుకున్నానో, నోరు విప్పాలని అంతకంటే ఎక్కువ కోరుకున్నాను. అలా కోరుకున్నందుకు సిగ్గుగానూ ఉంది.

"పిల్లీ లేదు, గిల్లీ లేదండీ" అన్నాడు తమ్ముడు. "నా వాచీ మోగింది, నా కాలు పడింది. ఆవిడ చక్కగా నడుపుతోంది."

నేను ఏదో అనబోయాను.

"నువ్వు ఊరుకో అక్కా."

వాడు నన్ను ఊరుకోమనడం నాకు తెలిసి అదే మొదలు. ఊరుకున్నాను. వెనక పెన్ను ఆగింది. అధికారి రాసిన దాన్ని కొట్టేసి, కింద ఇంకేదో రాశారు. ముందుకు వంగి నా గేరు మీది దిండు తీసుకుంటూ, పరీక్ష రద్దయిందనీ, రేపు పొద్దున ఇదే కారులో రావచ్చనీ, పక్కన మాత్రం వేరే మాస్టారు కూర్చోవాలనీ చెప్పారు. తమ్ముడి వైపు తిరిగి, మీకు ఉత్తరం వస్తుంది, అదొచ్చేదాకా ఎవరి పరీక్షకూ రాకండి అన్నారు. తర్వాత దిండు నడుము వెనక సర్దుకుని, "ఆఫీసుదాకా నడపండమ్మా" అన్నారు నాతో.

ఆఫీసు ముందు ఆయన దిగి వెళ్ళిపోయాక కారులో ఇద్దరమే మిగిలాం. అప్పుడు నా కోపం బయటికొచ్చింది. ఎవరు చెప్పమన్నారు నిన్ను, రేపటి నుంచి ఏం తింటావు, ఇంట్లో మీ ఆవిడకి ఏం చెబుతావు అని నోటికొచ్చినట్టు అన్నాను. వాడు అన్నీ విని, వాచీ విప్పి జేబులో పెట్టుకోబోయి, ఏదో తట్టినట్టు ఆగి, వెనక సీట్లోకి విసిరేశాడు.

"నేర్పింది నేనక్కా" అన్నాడు. "నేను నేర్పిన మనిషి పిల్లిని చూసుకోలేదని రాసుకుంటుంటే నేనెలా ఊరుకుంటాను?"

రేపటికి పక్కవీధిలో ఉన్న పెద్ద బడి మాస్టారిని అడుగుతానన్నాడు. తన పోటీదారని ఇన్నాళ్ళూ ఆయన మాటెత్తితేనే మొహం చిట్లించుకునేవాడు, ఆ సంగతి నేనూ ఎత్తలేదు. ఇంటికి తనే నడుపుతాడేమోనని తలుపు తీయబోయాను. వాడు కదల్లేదు. నువ్వే పద అన్నట్టు చేత్తో రోడ్డు చూపించాడు.

కారు కదిలించాను. సాయంత్రం ఆఫీసులు వదిలే వేళ, రోడ్డంతా ఒకరి మీదొకరు. పక్కన చప్పుడైతే చూశాను. తమ్ముడు బూట్లు విప్పేసి, రెండు కాళ్ళూ సీటు మీదికి లాక్కుని, అన్నానికి కూర్చున్నవాడిలా మఠం వేసుకు కూర్చుంటున్నాడు. కాళ్ళు దించరా అన్నాను. వాడు వినిపించుకోలేదు. కూడలిలో ఒక బస్సు నా మీదికే వచ్చినట్టు వచ్చింది. వాడు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు, రెండు చేతులతో పాదాలు పట్టుకున్నాడు. నేను బ్రేకు తొక్కాను, బస్సు పోయింది, మళ్ళీ కదిలించాను. ఇల్లు వచ్చేదాకా వాడు కాళ్ళు కిందికి దించలేదు.